పాత స్విచ్ ఉన్నవాళ్లు స్విచ్ 2 కొనొచ్చా?

డాలస్‌లో తెలిసినవాళ్లు, ఇండియా నుంచి మా తమ్ముళ్లు, అందరూ అడుగుతున్నది ఒకటే. పాత స్విచ్ బాగానే పనిచేస్తుంటే మళ్లీ అంత డబ్బు పెట్టి (2025లో విడుదలైనప్పుడు 450 డాలర్లు) నింటెండో స్విచ్ 2 అనే ఈ కొత్త గేమ్ కన్సోల్ కొనడం ఎందుకని. పాత ఆటలు ఇంట్లో చాలా ఉండి, వాటిని ఇంకా ఆడుతుంటే కొనండి. కొత్త ఆటల కోసమే అయితే కొంచెం ఆగినా నష్టం లేదు.

ఎందుకంటే నేను తెచ్చిన రోజు ముందు పెట్టింది మారియో కార్ట్ కాదు, జెల్డా టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్. పాతదాంట్లో అది సెకనుకు 30 ఫ్రేములే (తెర మీద మారే చిత్రాలు, ఎన్ని ఎక్కువుంటే కదలిక అంత సాఫీగా ఉంటుంది), ఒకేసారి చాలా జరిగేచోట అంతకంటే కిందికీ పడిపోయేది, అయినా ఆట మీద ఇష్టంతో సర్దుకుని ఆడాను. ఇప్పుడు 10 డాలర్ల అప్‌గ్రేడ్ వేసుకుంటే 60 ఫ్రేములు. ఆకాశం నుంచి కిందికి దూకుతుంటే ఎక్కడా తడబాటు లేదు, లోడింగ్ కూడా బాగా తగ్గింది, రెండేళ్ల కింద పూర్తిచేసిన ఆటని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేశాను. పోకెమాన్ స్కార్లెట్‌కైతే ఆ అప్‌డేట్ ఉచితం, దానికే ఇది అన్నిటికంటే ఎక్కువ అవసరం కూడా.

స్క్రీన్ 6.2 అంగుళాల నుంచి 7.9కి పెరిగింది, 1080పి, 120 హెర్ట్జ్, అంటే బొమ్మ ఇంకా స్పష్టంగా, కదలిక ఇంకా సాఫీగా. చేతిలో పట్టుకుని ఆడేవాళ్లకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కానీ ఇది ఎల్‌సీడీ. నలుపుని నిజంగా నల్లగా చూపించే పాత స్విచ్ ఓలెడ్ మోడల్ వాడినవాళ్లకి చీకటి సీన్లలో నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది, నాకు ఇప్పటికీ ఆ వెలితి ఉంది. టీవీకి పెడితే, ఆటని బట్టి, 4కే వరకు వస్తుంది.

రెండు పక్కలా ఉండే కంట్రోలర్లు, అంటే జాయ్-కాన్లు, ఇప్పుడు అయస్కాంతంతో టక్కున అతుక్కుంటాయి, పట్టాలమీద జరపడం లేదు, పెద్ద చేతులకి హాయిగా ఉన్నాయి. అయితే పాత మోడల్‌లో ఎంతోమంది మొత్తుకున్న స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్ దానంతటదే కదిలినట్టు కావడం) తర్వాత కూడా ఇందులో అయస్కాంతంతో పనిచేసే, త్వరగా అరగని హాల్ ఎఫెక్ట్ స్టిక్స్ పెట్టలేదు. ఈ ధరకి అవి ఉండాల్సిందే. వెనక స్టాండ్ మాత్రం చాలా బాగుంది, ఏ కోణంలో వంచితే ఆ కోణంలో ఆగుతుంది, పైన ఇంకో యూఎస్‌బీ-సీ పోర్టు ఉంది కాబట్టి టేబుల్ మీద నిలబెట్టి చార్జ్ చేస్తూనే ఆడుకోవచ్చు.

మారియో కార్ట్ వరల్డ్‌లో ఒక్కో రేసుకి 24 మంది. శని, ఆదివారాల్లో పిల్లలు నలుగురూ ఒకే టీవీ ముందు కూర్చుంటే ఇల్లు హోరెత్తిపోతోంది. విడిగా కొంటే 80 డాలర్లు, 2025లో కన్సోల్‌తో కలిపి తీసుకుంటే 500 లోనే వచ్చేసేది, ఆ ప్యాక్ ఇంకా ఎక్కడైనా దొరికితే అదే తీసుకోండి. గోడలూ కొండలూ పగలగొట్టుకుంటూ పోయే డాంకీ కాంగ్ బనాంజా నాకైతే ఇంకా నచ్చింది.

కొనేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ 2 నుంచి 6.5 గంటలని కంపెనీయే చెప్తోంది, బరువైన ఆటలైతే ఆ రెండు దగ్గరే అనుకోండి, ప్రయాణాల్లో పవర్ బ్యాంక్ తప్పదు. లోపల 256 జీబీ ఉంది. అది నిండితే మీ దగ్గరున్న మామూలు మైక్రోఎస్‌డీ కార్డు పనికిరాదు, ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి, దాని ధర ఎక్కువ. పెట్టె మీద గేమ్-కీ కార్డ్ అని రాసుంటే లోపలి కార్డులో ఆట ఉండదు, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కూడా పెట్టే ఉంచాలి. డబ్బు పెట్టి కార్డు కొనేది ఆట అందులో ఉంటుందనే కదా, ఇది నాకు అస్సలు నచ్చలేదు. కన్సోల్‌ని టీవీకి కలిపే పాత డాక్ కూడా దీనికి సరిపోదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి: నింటెండో అక్కడ దీన్ని అధికారికంగా అమ్మట్లేదు. ఎవరితోనైనా తెప్పించుకుంటే, ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదని ముందే లెక్కలో వేసుకోండి.

పాతదాన్ని మాత్రం తొందరపడి అమ్మేయకండి. నేను మాది చిన్నమ్మాయికి ఇచ్చేశాను. డిజిటల్‌గా కొన్న ఆటలు ఇప్పుడు వర్చువల్ గేమ్ కార్డులు, అంటే ఒక కన్సోల్ నుంచి ఇంకోదానికి మార్చుకోగలిగేవి, కాబట్టి తనకి కావాల్సింది పాతదాంట్లోకి పంపించేస్తే సరిపోతోంది, ఒకే ఆటని రెండుసార్లు కొనే పని లేదు.