కుడి మలుపులో వెలిగిన ఎర్ర లైటు: మా పాత కారుతో పన్నెండేళ్లు

మా కారులో అన్నిటికన్నా విలువైన భాగం ఏదని అడిగితే ఇంజిన్ అని చెప్పను. బానెట్ ఎత్తితే మూలన కనిపించే బ్రేక్ ఆయిల్ డబ్బా, దాని లోపల తేలే చిన్న ఫ్లోటు అంటాను. ఇన్నేళ్లూ అలాంటిదొకటి ఉందని కూడా నాకు తెలియదు. కిందటేడు మా ఇంటిల్లిపాదినీ కాపాడింది అదేనని నా నమ్మకం.

బండి 2009 మోడల్, పెట్రోలు. 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొని, విశాఖ సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతులు అందరికీ తెలిసినవే. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యూవల్ కూడా చేయించాను. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఒక శనివారం సింహాచలం కొండ దిగుతున్నాం. పక్క సీట్లో నాన్న, వెనకాల పిల్లలు. ఒక మలుపులో బ్రేక్ నొక్కగానే డ్యాష్‌బోర్డులో గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఉండే ఎర్ర గుర్తు వెలిగింది. రెప్పపాటు వెలిగి ఆరిపోయింది. హ్యాండ్ బ్రేక్ చూశాను, పూర్తిగా కిందికే ఉంది. పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉంది. కింద మెట్లదారి మొదలయ్యే తొలిపావంచా దగ్గరికి వచ్చేసరికి ఇంకో రెండుసార్లు వెలిగింది. ఇంటికి చేరేదాకా టెన్షనే.

మర్నాడు చూపించిన మెకానిక్ డబ్బా మూత తీసి, ఆయిల్ తగ్గిందని డబ్బా మీది పైగీత (నిండుమట్టం గుర్తు) దాకా పోసేశాడు. లైటు పోయింది. రెండున్నర నెలలు హాయిగా తిరిగాం. మళ్లీ వచ్చింది. ఇంకో షెడ్డులో హ్యాండ్ బ్రేక్ లివర్ కింద ఉండే స్విచ్‌ని అనుమానించి శుభ్రం చేశారు. అనుమానం తప్పేమీ కాదు, చాలా పాత కార్లలో ఆ స్విచ్‌కి దుమ్ము పట్టి గతుకుల్లో లైటు మిణుకుమంటుంది. కానీ మాది గతుకుల్లో వెలగడం లేదు. వారం తిరక్కుండానే మళ్లీ వెళితే, "ఆ వైరు పీకేస్తే గొడవ ఉండదు మేడమ్" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకు ఒళ్లు మండింది. ఇదే ఈ కారు మీద నా ఫిర్యాదు కూడా. హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా, బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలిగేది ఒకే లైటు. రెండింటికీ వేరువేరుగా లైట్లు ఇచ్చి ఉంటే ఆ మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

చిక్కుముడి విప్పింది నాన్న. "అమ్మాయ్, కుడివైపు తిప్పినప్పుడే వెలుగుతోంది, గమనించావా?" అన్నారు. ఆదివారం పొద్దున్నే కాలనీ పక్కన ఖాళీ గ్రౌండులో ఇరవై స్పీడులో కుడివైపుకి గుండ్రంగా తిప్పాను. వెలిగింది. ఎడమవైపుకి తిప్పితే లేదు. ఆయిల్ డబ్బాకి ఉన్న వైరు ప్లగ్ ఊడదీసి మళ్లీ కుడివైపు తిప్పితే వెలగలేదు. అంటే తేడా హ్యాండ్ బ్రేక్ దగ్గర కాదు, ఆయిల్ దగ్గరే. ప్లగ్ వెంటనే పెట్టేశాను. ఆయిల్ చూస్తే కింది గీతకి కాస్త పైన ఉంది. సమంగా నిలబడితే ఫ్లోటు తేలుతుంది, కుడికి తిరిగితే ఆయిల్ ఎడమ గోడ వైపు ఎగదన్ని ఫ్లోటు దిగుతుంది. ఫ్లోటులో చిన్న అయస్కాంతం, అది దగ్గరికొస్తే లైటు వెలిగించే స్విచ్ కింద. అంతే యంత్రాంగం.

ఈసారి ఎన్ఏడీ జంక్షన్‌లో ఒక పెద్దాయన, మెకానిక్, దగ్గరికి వెళ్లాను. ముందు చక్రాల డిస్క్ బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని మార్చారు. ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని డిస్కుకి నొక్కే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లను లోపలికి నొక్కితే ఆ ఆయిల్ వెనక్కి వస్తుంది. ఆయన అలా నొక్కగానే మా డబ్బా పొంగి అంచు మీదికి కారింది. వెంటనే నీళ్లు పోశారు గానీ, రూపాయి బిళ్లంత మేర పెయింటు లేచిపోయింది. ప్యాడ్లు చూడకుండా పైగీత దాకా పోసిన ఫలితం అది.

"ప్యాడ్ల వల్ల ఆయిల్ దిగుతుంది గానీ రెండు నెలల్లో ఇంత దిగదమ్మా. టేపు అంటించి చూస్తుండు" అన్నారు. అదనపు ఆయిల్ తీసేశాక డబ్బా మీద బ్యాండేజీ టేపు అంటించి, ఆయిల్ మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి తేదీ రాశాను. రోజూ పొద్దున్న స్కూలుకి బయల్దేరే ముందు చూసేదాన్ని. మూడు వారాలకి గీత కింద అర వేలు మందం తగ్గింది. అదే రోజు మళ్లీ తీసుకెళ్లాను.

వెనక ఎడమ చక్రం డ్రమ్ము ఊడదీశారు. లోపల దుమ్ము పొడిగా లేదు, నల్లటి ముద్దలా అంటుకుని ఉంది. బ్రేక్ షూలని డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగుని ఆయన స్క్రూడ్రైవర్ కొనతో కొంచెం మడిచారు. లోపలి నుంచి చుక్కలుగా ఆయిల్ జారి నా కళ్ల ముందే కింద పరిచిన పేపర్ మీద పడింది. బయట టైరు మీద గానీ, పార్కింగ్ చేసే చోట నేల మీద గానీ ఇన్నాళ్లూ ఒక్క మరక లేదు. కారినదంతా డ్రమ్ములోనే ఉండిపోయింది, బ్రేక్ షూలు నానిపోయాయి. పెడల్‌లో ఏ తేడా తెలియకముందే ఆ ఫ్లోటు చెబుతూ వచ్చిందన్నమాట. ఆ వైరు పీకించి ఉంటే పిల్లలతో ఆ కొండ దిగుతూ ఎన్ని శనివారాలు తిరిగేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

వెనక రెండు సిలిండర్లూ, షూలూ మార్చి, పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోసి, బ్రేక్ గొట్టాల్లోని గాలి తీశారు. ప్యాడ్లతో కలిపి ఐదు వేలు దాటలేదు.

ఇక్కడ ఒక మాట సవరించుకోవాలి. 'ఇంజిన్ ఆయిల్, టైర్లు తప్ప దీనికి ఖర్చే లేదు' అని స్టాఫ్ రూములో ఏళ్ల తరబడి చెప్పాను. నా మాట విని ఇద్దరు ఇదే కారు కొన్నారు కూడా. ఖర్చు రాకపోవడానికి బండి మంచితనం ఒక కారణమే గానీ, నేను బ్రేకులు విప్పించి చూపించకపోవడం ఇంకో కారణం. పన్నెండేళ్లలో బ్రేక్ ఆయిల్ మార్పించింది ఒక్కసారే. రెండేళ్లకోసారి మార్చాలట. అది తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ప్రమాణాల ప్రకారమే ఆ హద్దు 155కి దిగుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకులు ఎంత వేడెక్కుతాయో తెలిసినవాళ్లకి ఈ తేడా అర్థమవుతుంది. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను.

ఈ పాతబండి ఇప్పుడు ఎవరైనా కొనొచ్చా అంటే, నాకైతే సరిపోతోంది. నాది రోజుకి పద్నాలుగు కిలోమీటర్లు, అదీ ఊళ్లోనే, నమ్మకమైన మెకానిక్ పది నిమిషాల దూరంలో ఉన్నారు, బానెట్ ఎత్తి గీత చూసే అలవాటు ఇప్పుడు ఉంది. నెలకి రెండుసార్లు అరకు ఘాట్ ఎక్కిదిగే కుటుంబమైతే మాత్రం, నాలుగు చక్రాల బ్రేకులూ విప్పించి చూశాకే డబ్బు ఇవ్వమంటాను. అమ్మేవాళ్లు విప్పనివ్వకపోతే ఆ బండి వద్దు.