క్రాస్‌మన్ 1377 పంపు పిస్టల్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి

క్రాస్‌మన్ 1377 అమెరికాలో 1977లో వచ్చిన చేతిపంపు ఎయిర్ పిస్టల్. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. కింద ఉన్న లివరును 3 నుంచి 10 సార్లు కొడితే వాల్వులో గాలి నిండుతుంది, ఒక్క పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టి ఒక్కసారి పేల్చొచ్చు. బరువు కిలోకి కాస్త తక్కువ. సుమారు 26 సెంటీమీటర్ల ఉక్కు బ్యారెల్, లోపల గాడులు ఉంటాయి. ఈ బ్యారెలూ పంపూ పెట్టిన డబ్బుకు మించి పనిచేస్తాయి. పేచీ అంతా ప్లాస్టిక్ బ్రీచ్‌తో (బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టే భాగం), మొండి ట్రిగ్గర్‌తో, గురి చూసుకునే పల్చటి వెనక సైటుతో. తక్కువ ఖర్చులో బాగుచేసుకోవాలంటే ఆ మూడూ చూసుకుంటే చాలు. చాలామంది మాత్రం "పవర్ పెంచుదాం" అంటూ మొదలుపెట్టి, పిస్టల్ ధరంత ఖర్చు చేసి, గురిలో వెంట్రుకవాసి కూడా బాగుపడని చోట ఆగుతారు.

పవర్ సంగతి ముందే తేల్చేద్దాం. మన దేశపు 2016 ఆయుధాల నియమాల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా కావాలి. కంపెనీ చెప్పే గరిష్ఠ వేగం సెకనుకు 600 అడుగులు. అరగ్రాము పెల్లెట్‌తో నిజంగానే అంత వేగం వచ్చిందనుకున్నా లెక్కకు 8.5 జౌళ్లు మించదు. కాబట్టి 1377 నిబంధన లోపలే హాయిగా ఉంటుంది. దీన్ని 5.5 మిల్లీమీటర్ల బ్యారెల్‌కు మార్చడం వీడియోల్లో చాలా సులువుగా చూపిస్తారు. శక్తి ఎంత తక్కువున్నా సరే, ఆ క్షణం నుంచి అది లైసెన్సు కావలసిన ఆయుధం. ఆ జోలికి పోవద్దు. విడిభాగాలు కూడా బిల్లు ఇచ్చే ఆయుధాల డీలరు దగ్గరే కొనడం మంచిది. విదేశీ వెబ్‌సైటులో చవగ్గా కనిపించిందని పార్సెల్ తెప్పిస్తే కస్టమ్స్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది.

ఏ మార్పుకైనా ముందు సీళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. పంపు తలకాయ మన సైకిల్ పంపులోని వాచరు లాంటిదే: నూనె ఉంటే గొట్టానికి అతుక్కుంటుంది, ఎండితే గాలి పక్కనుంచి జారుకుంటుంది. దాని వెనక ఒక ఫెల్ట్ చుట్ట ఉంటుంది. లివరు పూర్తిగా తెరిచి, గొట్టం కింద ఉన్న సందులోంచి ఆ ఫెల్ట్ మీద రెండు చుక్కలు, లివరు కీళ్ల దగ్గర ఒక్కో చుక్క వేస్తే చాలు. క్రాస్‌మన్ సొంత నూనె దొరక్కపోతే డిటర్జెంట్ కలపని ఎస్‌ఏఈ 30 నూనె వాడొచ్చు. బండికి పోసే మామూలు ఇంజిన్ ఆయిల్ వద్దు. డబ్ల్యూడీ-40 అసలే వద్దు: అది తుప్పు వదిలించే ద్రవం, ఉన్న నూనెను కూడా కడిగేసి సీలును పొడిగా వదిలేస్తుంది.

గాలి ఎక్కడ పోతోందో విప్పకుండానే చెప్పొచ్చు. లివరు కొడుతుంటే ఏ బరువూ తగలకుండా మెత్తగా పోతోందంటే పంపు వాచరు ఎండింది లేదా చిరిగింది. లివరు మూసి వదిలేశాక దానంతటది పైకి తన్నుకొస్తే వాల్వులోకి గాలి వెళ్లే వైపు సీలు పట్టడం లేదు. పంపు కొడుతుండగానే బ్యారెల్లోంచి బుస్సుమని శబ్దం వస్తే గాలి బయటికి వెళ్లే వైపు సీలు పోయింది. ఈ చివరిదానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. లోపలి సుత్తి వాల్వు కాడను నొక్కుతూ కూర్చుంటే మొదటి పంపులు వృథాగా పోతాయి. పెల్లెట్ లేకుండా, సేఫ్టీ వేసి, బోల్టు (పెల్లెట్‌ను బ్యారెల్లోకి తోసే కడ్డీ) వెనక్కి లాగి సుత్తిని ఎక్కించి పంపు కొట్టి చూడండి. అప్పుడు గాలి నిలిస్తే వాల్వు బాగానే ఉన్నట్టు. ఇక పేల్చినప్పుడు బ్రీచ్ చుట్టూ గాలి ఊదుతోందా అన్నది తెలియాలంటే, టిష్యూ కాగితం ముక్కను అక్కడ టేపుతో అంటించి పెల్లెట్ లేకుండా పేల్చండి. కాగితం ఎగిరిందంటే బోల్టు ముక్కు మీది ఓ రింగు (గాలి ఆపే గుండ్రటి రబ్బరు చుట్టు) గానీ, వాల్వుకూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న చిన్న బుష్ గానీ మార్చాలి.

ఓ రింగులకు కొరియర్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీళ్లు అమ్మే దుకాణాల్లో నైట్రైల్ రబ్బరు రింగులు పదుల రూపాయల్లో వస్తాయి. పాతది చేత్తో పట్టుకెళ్లాలి, వీలైతే వెర్నియర్‌తో మందం కొలిపించాలి. అమెరికా వస్తువు కాబట్టి కొలతలన్నీ అంగుళాల వరుసలోనే ఉంటాయి. ఆ వరుసలో సన్న రింగుల మందం 1.78 మిల్లీమీటర్లు. మెట్రిక్‌లో అడిగితే 1.5 గానీ 2 గానీ చేతిలో పెడతారు. మొదటిది గాలి ఆపదు, రెండోదానితో బోల్టు మూసుకోదు. "ఇంచు సైజు" అని గట్టిగా అడగండి.

ఇప్పుడు బ్రీచ్. పెల్లెట్ పెట్టే, బోల్టు నడిచే, బ్యారెల్ వెనక చివరను పట్టుకునే భాగం ఇదే. ప్లాస్టిక్‌ది కావడంతో బ్యారెల్ కాస్త ఊగుతుంది, సైటు ఊగుతుంది, మరలు రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే పట్టు వదిలేస్తాయి. ఉక్కు బ్రీచ్ వేస్తే ఈ మూడూ పోతాయి, పైన 11 మిల్లీమీటర్ల గాడి కూడా వస్తుంది, రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపే సైటు) బిగించుకోవచ్చు. ఈ పిస్టల్ మీద ఒకే ఒక్క భాగం కొనగలిగితే అది ఇదే కావాలి. ఒక్క లోపం: ఉక్కుదాంట్లో పెల్లెట్ పెట్టే సందు ఇరుకు. లావు వేళ్లవాళ్లు మొదట విసుక్కుంటారు, పెల్లెట్ తలకిందులైతే పిస్టల్ వంచి రాల్చి మళ్లీ పెట్టాలి.

బిగించేటప్పుడు తప్పు జరిగేది రెండు చోట్ల. పెల్లెట్ సందులో అడుగున దాక్కున్న చిన్న మర మొదటిది. మన హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే ఎల్ కీలు మెట్రిక్‌వి. అంగుళంలో పదహారోవంతు గుంటలో 1.5 కీ వదులుగా కూర్చుని, ఒక్క గట్టి తిప్పుతో అంచులు అరగదీస్తుంది. అంగుళాల కీల సెట్టు విడిగా కొనండి, అది ఈ పని మొత్తానికీ పనికొస్తుంది. రెండోది బ్యారెల్ కింది రంధ్రం. అది వాల్వు రంధ్రానికి నిట్టనిలువుగా పైన కూర్చోవాలి, మధ్యలో బుష్ ఉండాలి. బ్యారెల్ అర మిల్లీమీటరు తిరిగినా గాలి దారి సన్నబడి వేగం పడిపోతుంది, బుష్ నలిగిపోతుంది. ముందు మరలన్నీ చేతి వేళ్ల బిగువుతో ఉంచి, పైనుంచి టార్చి వేసి రంధ్రం చూసి, తరవాతే కొసాకరికి బిగించాలి. బ్యారెల్‌ను పట్టే సెట్ స్క్రూ మరీ బిగిస్తే గొట్టం లోపల బుడిపె లేస్తుంది, పెల్లెట్ ప్రతిసారీ అక్కడ గీసుకుంటుంది. ముందు వైపు బ్యారెల్‌ను, గాలి గొట్టాన్నీ కలిపి పట్టే పట్టీ వదులుగా ఉంటే సన్నటి టేపు ఒక చుట్టు చుట్టి దూర్చండి. రూపాయి ఖర్చు లేని ఈ పనితో ఎంత తేడా వస్తుందో చూస్తే చాలామంది నమ్మరు.

ట్రిగ్గర్‌కు డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. గాలి, పెల్లెట్ రెండూ లేవని చూసుకుని పిడి చట్రం విప్పండి. పళ్లెంలో పాత తువ్వాలు పరిచి దాని మీదే విప్పాలి, ఎందుకంటే సేఫ్టీ బొత్తం కింద ఆవగింజంత ఉక్కు గుండు, స్ప్రింగు ఉంటాయి, అవి గాల్లోకి లేస్తే దొరకవు. పక్క రేకు తీస్తే ట్రిగ్గరు, సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా సుత్తిని ఆపి ఉంచే కొక్కెం), దాని స్ప్రింగు కనిపిస్తాయి. ఫొటో తీసుకోండి. సియర్ ఆని జారే ముఖాన్ని 1000, తరవాత 2000 నంబరు వాటర్ పేపరును చదునైన గాజు ముక్క మీద పరిచి, ఒకే దిశలో రుద్దాలి. గీతలు పోయి మెరుపు వస్తే చాలు. అంచు గుండ్రం కాకూడదు, కోణం మారకూడదు, ఆకురాయి దగ్గరికి రానివ్వకూడదు. తరవాత కొద్దిగా మాలీ (మాలిబ్డినం) గ్రీజు. ఈ పాలిష్‌తోనే గరగరలాడే లాగుడు పోతుంది.

స్ప్రింగు మార్చి తేలిక చేయడం రెండో మెట్టు. పెన్ను స్ప్రింగు కత్తిరించి పెట్టే చిట్కా ఊరంతా తిరుగుతోంది. అది పనిచేస్తుంది, కానీ కత్తిరించిన కొద్దీ సియర్ సరిగ్గా వెనక్కి కూర్చోదు. అందుకే ప్రతి మార్పు తరవాత పరీక్ష తప్పదు: పెల్లెట్ లేకుండా 3 పంపులు కొట్టి, సుత్తి ఎక్కించి, సేఫ్టీ తీసి, బ్యారెల్‌ను గురి పెట్టె వైపు ఉంచి, పిడిని రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టండి. ఒక్కసారి పేలినా పాత స్ప్రింగు తిరిగి పెట్టేయాలి. తేలిక ట్రిగ్గర్ మోజులో ఈ పరీక్ష ఎగ్గొట్టేవాడి పక్కన నిలబడొద్దు. పోటీ ఎయిర్ పిస్టల్‌కే కనీసం 500 గ్రాముల లాగుడు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. చవక పిస్టల్‌కు కిలో దగ్గర ఆపితే చాలు.

రెడ్ డాట్ పెట్టే ముందు ఒక్కటి ఆలోచించండి. ఈ పిస్టల్ పంపు కొట్టేటప్పుడు రెండో చెయ్యి పట్టు దొరికేది సరిగ్గా బ్రీచ్ పైనే. అక్కడ సైటు కూర్చుంటే ఏడో ఎనిమిదో పంపు దగ్గర చెయ్యి జారుతుంది, సైటు గురి కూడా కదులుతుంది. సైటును ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి జరిపి, పొట్టి మోడల్ తీసుకోవాలి. 10 మీటర్ల కాగితం గురికి 4 లేదా 5 పంపులు సరిపోతాయి కాబట్టి చేతులకు అంత శ్రమా ఉండదు. 10 దాటి కొట్టడం వృథా: సుత్తి అంత ఒత్తిడికి వాల్వును పూర్తిగా తెరవలేదు, గాలి కొంత లోపలే మిగులుతుంది, లివరు పిన్నులు మాత్రం అరుగుతాయి.

చదును తల పిస్టన్, దానికి జోడీ వాల్వు అమ్ముతారు. సాంకేతికంగా మంచివే. పిస్టన్ తలకూ వాల్వుకూ మధ్య మిగిలిపోయే ఖాళీని తగ్గించి ప్రతి పంపు గాలినీ లోపలికి పంపుతాయి. కానీ కాగితం మీద గురి పెట్టేవాడికి వాటి అవసరం లేదు. పొడవు బ్యారెల్‌దీ అదే మాట. బ్యారెల్ మూతి అంచు మీద గాటు ఉంటే మాత్రం సరిచేయాలి: గుండ్రటి తల ఇత్తడి మర ఒకటి డ్రిల్లుకు బిగించి, దాని తల మీద వాల్వు గ్రైండింగ్ పేస్టు రాసి, మూతి మీద అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా తిప్పాలి. లోపల దూది కుక్కడం మరవద్దు.

విశాఖలో అసలు శత్రువు సముద్రపు గాలి. ఎంవీపీ కాలనీ, భీమిలి దారి వైపు ఇళ్లలో కిటికీ చువ్వలకు పట్టే తుప్పు చూస్తే ఇక చెప్పక్కర్లేదు. నల్ల రంగు ఉక్కు మీద చెమట చేతి ముద్ర కూడా తుప్పు మచ్చవుతుంది. వాడిన ప్రతిసారీ నూనె గుడ్డతో బ్యారెల్, గాలి గొట్టం తుడవాలి. గాలి గొట్టం లోపలి గోడకు తుప్పు పట్టిందంటే ఎన్ని వాచర్లు మార్చినా చిరుగుతూనే ఉంటాయి. ఫోమ్ పెట్టెలో దాచొద్దు, తేమ పీల్చి ఉంచుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బా మేలు. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బాకు తాళం.

పెల్లెట్లలో చదును తలవి తీసుకోండి, కాగితం మీద గుండ్రటి రంధ్రం పడుతుంది. 0.45 గ్రాముల ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, 0.49 గ్రాముల గామో మ్యాచ్ రెండూ ఒక్కో డబ్బా కొని పోల్చుకుంటే మీ బ్యారెల్‌కు ఏది నచ్చిందో అదే చెబుతుంది. గురి పెట్టె వెనక ఏటవాలు ఇనప రేకు, ముందు బిగించి కట్టిన పాత వార్తాపత్రికల దిండు, కళ్లకు అద్దాలు ఉండాలి. అపార్ట్‌మెంట్ డాబా మీద, బీచ్ రోడ్డు పక్కన, కొండల్లో తియ్యొద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు అది నిజమైన పిస్టలే, పోలీసుకూ అంతే. పిట్టల మీద గురి పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

పనంతా అయ్యాక చెయ్యిని ఇసక సంచి మీద ఆనించి 10 మీటర్ల నుంచి అయిదేసి పెల్లెట్లు కొట్టి కాగితం చదవండి. రంధ్రాలు పైకీ కిందికీ సాగితే పంపుల లెక్క తప్పుతోంది, లేదా పంపు కొట్టాక ఒకసారి వెంటనే, ఒకసారి ఆగి పేలుస్తున్నారు: వేడెక్కిన గాలి చల్లారేసరికి ఒత్తిడి తగ్గుతుంది. పక్కలకు సాగితే ముందు పట్టీ, బ్రీచ్ మరలు చూడండి. అవి బిగువుగా ఉంటే తప్పు ట్రిగ్గర్ లాగే వేలిది. ఉన్నట్టుండి ఒక్కటి మాత్రం దూరంగా పడితే ఆ పెల్లెట్ అంచు వంకర పోయి ఉంటుంది, డబ్బాలోంచి తీసేటప్పుడే చూసి పక్కన పెట్టండి.