హీవర్ కోట: రాణి పుట్టింటికి వెళ్తే ఆస్టర్ దొర ఇల్లు చూశాం

లండన్ బ్రిడ్జి స్టేషన్లో అక్‌ఫీల్డ్ వైపు వెళ్లే రైలెక్కితే ముప్పావు గంటలో కెంట్ ప్రాంతంలోని హీవర్. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పెళ్లాడిన ఆన్ బొలీన్ పుట్టిల్లు ఇక్కడి కోటే. దిగి చూస్తే స్టేషన్లో మనిషి లేడు, బయట టాక్సీ లేదు. కోటకి మైలు దూరం, పొలాల వెంబడి నడక. ముందురోజు వాన పడింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, "ఏరా, రాణిగారి పుట్టింటికి బురదదారేనా?" అంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈడెన్‌బ్రిడ్జ్ టౌన్‌లో దిగండి. అక్కడి నుంచి మూడు మైళ్లు, టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

కోట చూడగానే అమ్మ పెదవి విరిచింది. కొండవీడు ఎక్కిన కళ్లకి ఇది కందకంలో నిలబెట్టిన పెద్ద రాతి మేడ, అంతే. సింహద్వారం మాత్రం 13వ శతాబ్దంది, దాని కింద నిలబడి తలెత్తి చూడండి.

1462లో దీన్ని కొన్నది జెఫ్రీ బొలీన్. బట్టల వ్యాపారి, లండన్ లార్డ్ మేయర్‌గా కూడా చేశాడు. ఆయన మనవడు థామస్. థామస్ కూతురు ఆన్ పెరిగింది ఇక్కడే. ఎనిమిదో హెన్రీ ఆమె కోసం పెళ్లాన్ని వదిలేసి, పోప్‌తో తెగతెంపులు చేసుకుని 1533లో పెళ్లాడాడు. 1536 మే 19న తల తీయించాడు. థామస్ పోయాక కోట రాజు చేతికొచ్చింది. 1540లో నాలుగో భార్యతో (ఈమె పేరూ ఆన్‌నే, జర్మనీ వైపు క్లీవ్స్ నుంచి వచ్చింది) పెళ్లి రద్దు చేసుకున్నప్పుడు ఆమెకిచ్చిన ఆస్తుల్లో ఇదీ ఉంది. ఇది చెప్పేసరికి అమ్మ ఆగిపోయింది. "చంపించినదాని పుట్టిల్లు వదిలేసినదానికి భరణమా!"

ఆ తర్వాత వాల్డ్‌గ్రేవ్‌లు, వాల్డోలు. 19వ శతాబ్దానికి కౌలు రైతులుండే ఇల్లయింది.

ఇక్కడే నా ఫిర్యాదు. బోర్డులనిండా ఆన్ బొలీనే ఉంటుంది గానీ, లోపల మనం నోరెళ్లబెట్టి చూసే చెక్కపని చాలావరకు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ చేయించింది. న్యూయార్క్ కోటీశ్వరుడు, 1903లో కొన్నాడు. కోట చిన్నదని పెంచకుండా, వెనక ట్యూడర్ కాలం (హెన్రీ వంశం ఏలిన రోజులు) పల్లెలా ఇళ్ల గుంపు కట్టించి అతిథుల్ని అందులో పెట్టాడు. 800 మందితో తవ్వించిన చెరువు 38 ఎకరాలు. ఇటలీలో అమెరికా రాయబారిగా ఉన్నప్పటి నుంచి పోగేసిన రోమన్ శిల్పాల కోసం ఓ తోట. నిజం చెప్పొద్దూ, కోట కన్నా ఆ తోటలోనే ఎక్కువసేపు కూర్చున్నాం. 1983లో ఆస్టర్ కుటుంబం అమ్మేసింది, ఇప్పుడు ఓ కంపెనీది.

ఆ పల్లెలో ఇప్పుడు గదులు అద్దెకిస్తారు. ధర చూసి వెనక్కి తగ్గి, కొంచెం దూరంలో ఓ చిన్న సత్రంలాంటి చోట దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ షవర్‌లో వేడినీళ్లు రెండు చెంబులకే అయిపోయాయి. శాకాహారం అంటే టోస్టు, బీన్స్ తెచ్చారు. అమ్మ సంచిలోంచి కారప్పొడి డబ్బా తీసింది. మళ్లీ వెళ్తే పొద్దున్నే వచ్చి సాయంత్రానికి తిరిగిపోతాను.

లోపల ఇరుకైన రాతి మెట్లు మెలికలు తిరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. పిల్లలుంటే చెరువు దగ్గరి నీళ్ల చిక్కుదారి వాళ్లని తడిపి సంతోషపెడుతుంది. ఇదే కెంట్‌లో మేడ్‌స్టన్ దగ్గర లీడ్స్ కోట ఉంది (లీడ్స్ నగరానికి వెళ్లిపోకండి). అది పెద్దది. పిల్లలతో అయితే అటే వెళ్లమంటాను. హీవర్‌కి మాత్రం కథ కోసం వెళ్లాలి.

ఆ కథ అద్దాల పెట్టెలో ఉంది. ఆన్ ప్రార్థన పుస్తకం, అరచేతిలో పట్టేంత. "ప్రార్థించేటప్పుడు నన్ను తలుచుకోండి" అని ఆమె రాసుకున్న మాట. చదివి చెప్పాను. అమ్మ చెప్పులు విప్పబోయి, చుట్టూ జనాన్ని చూసి ఆగింది.

బయటికొచ్చాక గేటు పక్కనే సెయింట్ పీటర్స్ చర్చి. చాలామంది చూడకుండా పోతారు. లోపల సమాధి మీద ఇత్తడి రేకులో థామస్ బొలీన్, రాజు ఇచ్చిన గార్టర్ బిరుదు (ఇంగ్లండ్‌లో నైట్‌లకిచ్చే అన్నిటికన్నా పెద్ద గౌరవం) వేషంతో పడుకుని ఉన్నాడు. రెండు రోజుల తేడాలో కొడుకునీ కూతుర్నీ అదే రాజు చంపించాక ఇంకో మూడేళ్లు బతికాడు. "ఆ బట్టలు మాత్రం తియ్యలేదన్నమాట," అంది అమ్మ, గొడుగు తెరుస్తూ.