ఆన్‌లైన్‌లో బండి సామాను: డిస్క్ ప్యాడ్లు, చైన్ కిట్, ఎల్‌ఈడీ బల్బు

కంపెనీ ధరలో సగానికే డిస్క్ ప్యాడ్ల జత, ఎల్లుండికల్లా గుమ్మం ముందుకు. బేరం బాగానే ఉంది. అయితే ఆ పేజీలో చూడాల్సింది పైనున్న బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అమ్మకందారు పేరు. సరుకు పంపేది అతనే. ఒకే పేజీలో నలుగురు అమ్ముతుంటే, ఆ స్టార్లన్నీ ఎవరి సరుకుకు పడ్డాయో తేల్చలేం.

డిస్క్ ప్యాడ్లకు మా మార్కులు ఐదుకు ఒకటి. "ఏడాదైనా అరగలేదు, సూపర్" అని మెచ్చుకునే రివ్యూలు కనిపిస్తాయి. అరగని ప్యాడ్ గొప్పదేం కాదు. లైనింగ్, అంటే డిస్కును రాసుకునే పొర, మరీ గట్టిగా ఉంటే దాని బదులు డిస్కు అరుగుతుంది. ప్యాడ్లు వందల్లో పోతే డిస్కు వేలల్లో పోతుంది. నాసిరకంలో ఇంకో గండం, అతుకు. ఘాట్ దిగుతూ బ్రేకు పట్టే ఉంచితే వేడికి లైనింగ్ ఇనప ప్లేటు నుంచి ఊడొస్తుంది.

ప్యాకెట్ విప్పగానే ప్లేటుకూ లైనింగ్‌కూ మధ్య గోరు పెట్టి చూడండి, సందు దొరక్కూడదు. అంచు రుద్దితే పొడి రాలకూడదు. పాత ప్యాడ్ మీద కొత్తది పెడితే పిన్ను రంధ్రాలు సరిగ్గా కలవాలి. కలవకపోతే ఆకురాయితో రాసి ఎక్కించేస్తానంటాడు మెకానిక్. ఒప్పుకోకండి. ప్యాడ్లను పట్టి ఉంచి డిస్కుకు నొక్కే కాలిపర్‌లో ప్యాడ్ బిగుసుకుంటే లివర్ వదిలాక కూడా డిస్కును రాస్తూనే ఉంటుంది. సరైనది దొరికి బిగించాక, బండి కదిలించే ముందు లివర్ గట్టిపడేదాకా నొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకి బ్రేకు ఉండదు. కొత్త జత డిస్కుకు కుదురుకోవడానికి 40 కి.మీ. వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు పట్టాలి.

చైన్ కిట్‌కు మూడు మార్కులు. ఇక్కడ మోసం ఫొటోలో దొరకదు. 428, 420 చైన్లు రెండింటికీ పిన్ను నుంచి పిన్నుకు 12.7 మి.మీ. దూరమే. లోపలి వెడల్పు మాత్రం 428కి 7.9, 420కి 6.4. అందుకే చైన్ పట్టీ మీద కొట్టిన నంబరు చదవాలి. చైన్ తిరిగే ముందు, వెనక పళ్ల చక్రాలు, అంటే రెండు స్ప్రాకెట్ల పళ్లూ లెక్కపెట్టి పాతవాటితో పోల్చాలి. వెనక పళ్లు తగ్గితే పికప్ పడిపోతుంది. పన్ను అంచు మీద ఆకురాయి ఒక్కసారి లాగి చూడండి. గట్టిదనం పట్టించిన పన్నయితే ఆకురాయి జారిపోతుంది, లేకపోతే వెండిలా మెరిసే గీత పడుతుంది. గీత పడిన స్ప్రాకెట్ పళ్లు తొందరలోనే కొక్కేల్లా వంగుతాయి. చైన్ రెండు కొసలను కలిపే లింకు మీది లాకు మూసిన కొన చైన్ తిరిగే వైపు ఉండాలి. తిరగేసి పెడితే లాకు ఎగిరిపోతుంది.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బుకు సున్నా. "12,000 లూమెన్లు" (లూమెన్ అంటే వెలుగు కొలత) అనే రాతలు నమ్మేవి కావు. కార్లలో వాడే 60/55 వాట్ల హెచ్4 హాలోజెన్ హై బీమ్‌లో ఇచ్చేదే సుమారు 1,650. అసలు గొడవ వెలుగు ఎంతన్నది కాదు, ఎక్కడ పడుతుందన్నది. హాలోజెన్ రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఉండే చోటును బట్టి మలుస్తారు. ఎల్‌ఈడీ చిప్ అక్కడ లేకపోతే కాంతి చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. గోడకు ఐదు మీటర్ల దూరంలో కారు ఆపి లో బీమ్ వేయండి. పై అంచు గీత గీసినట్టుండి ఎడమ వైపు కాస్త లేవాలి. మసకగా పైకి పాకితే తీసెయ్యండి. అలాగని ఎక్కువ వాట్ల 100/90 హాలోజెన్ వేస్తే, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే స్విచ్ లేని వైరింగ్‌లో హోల్డరే కరిగిపోతుంది.

అద్దాలు, మ్యాట్లు, సీటు కవర్లు నిశ్చింతగా తెప్పించుకోండి. బ్రేకు సామాను మాత్రం పాతది చేత్తో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌కో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి పోల్చుకుని, బిల్లుతో కొనడమే నయం.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేశారా? పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ లేబుల్ మీద లేకపోతే అక్కడే ఆగి రిటర్న్ పెట్టండి. యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గ్రీజు అంటిన పార్టును వెనక్కి తీసుకోవడం కష్టం, కాబట్టి ఈ పరీక్షలన్నీ బిగించకముందే. కొత్తది కుదిరేదాకా పాత పార్టును షెడ్డులో వదిలి రాకండి.