పర్లాకిమిడిలో పాత ఫ్రిజ్: నాలుగు వేసవుల తర్వాత

టెక్కలిలో బదిలీ మీద వెళ్తున్న ఒక కుటుంబం దగ్గర కొన్న 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ ఇది. పాతపట్నం మీదుగా పర్లాకిమిడి తెచ్చుకున్నాం. నాలుగు వేసవులు గడిచాయి, గ్యాస్ నింపించాల్సిన పని పడలేదు. అందులో సగం మార్కులు తెచ్చిన తీరుకే వేస్తాను.

ముందురోజే ఆపి మంచు కరగనిచ్చి, వెనక కంప్రెసర్ మీది ట్రేలో నీళ్లు పారబోయించాం. గాజు అరలు దుప్పట్లో చుట్టి, తలుపు తాడుతో కట్టాం. "పడుకోబెడితే ఊగదు బాబూ" అన్నాడు ఆటో అతను. ఊగకపోవచ్చు కానీ, కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పాకుతుంది. అది తిరిగి దిగకముందే స్విచ్ వేస్తే మోటారుకు ముప్పు. నిలబెట్టే తెచ్చాం, అయినా రాత్రంతా ఆగే స్విచ్ వేశాం. ఇందులోని గ్యాస్ ఆర్600ఏ, అంటే మండే ఐసోబ్యూటేన్. కత్తి గొట్టానికి గుచ్చుకుంటే అది బయటికొస్తుంది, అందుకే మంచును కత్తితో గీకడం మా ఇంట్లో నిషిద్ధం.

అసలు కథ కరెంటుది. మాది పాత పెంకుటిల్లు; గోడకు మూడు రంధ్రాల సాకెట్ దర్జాగా ఉంది. ఎలక్ట్రీషియన్ హోల్డర్ తీగలు రెండూ ఫేజుకూ ఎర్తుకూ ముట్టిస్తే బల్బు వెలగలేదు. ఎర్తు రంధ్రం అలంకారమే! పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా ఎర్తింగ్ చేయించాకే ప్లగ్గు పెట్టాం. ఫ్రిజ్ బేరంలో ఎవరూ లెక్కవేయని ఖర్చు ఇది.

గాలివానలకు కరెంటు పోయి, మరుక్షణం వస్తుంటుంది. లోపలి గ్యాస్ పీడనం సర్దుకోకముందే మోటారు తిరగబోతే కరెంటు విపరీతంగా లాగి వేడెక్కుతుంది. కాబట్టి కొన్ని నిమిషాలు ఆగి కరెంటు వదిలే స్టెబిలైజర్ తప్పనిసరి.

తర్వాత తలుపు రబ్బరు కింది మూలలో గట్టిపడింది. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు మూస్తే, లాగకుండానే జారివచ్చింది. రబ్బరు మార్పించాం. పక్కలు వేడెక్కడం చూసి మా అమ్మ కంగారుపడింది గానీ అది మామూలే, లోపలి వేడి అక్కడి నుంచే బయటికి పోతుంది. చోటు మాత్రం తక్కువ: ఇడ్లీపిండి గిన్నె పెడితే, ఒడియావారి రజ పండుగకు ఎదురింటివారు పంపే పోడపిఠా అనే కాల్చిన పిండివంటకు అర దొరకదు.

కొనబోయేవారు ముందే ఫోన్ చేసి, వెళ్లేసరికి ఫ్రిజ్ కొన్ని గంటలుగా నడుస్తూ ఉండాలని చెప్పండి. ఆపి తుడిచి పెట్టినదాన్ని చూసి బయానా ఇవ్వకండి.