పరీక్షా, లాటరీనా: న్యూయార్క్‌లో హైస్కూల్ సీటు

న్యూయార్క్‌లో ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇంట్లో రెండు దారులు నడుస్తుంటాయి. ఒకటి స్టైవెసాంట్, బ్రాంక్స్ సైన్స్ లాంటి 8 స్పెషలైజ్డ్ హైస్కూళ్ల ప్రవేశ పరీక్ష. 1971 నాటి రాష్ట్ర చట్టం దానికి అండ. మార్కులు, పిల్లలు రాసిచ్చిన స్కూళ్ల వరుస, అంతే. క్లాసులో ఏడాది పొడవునా ఫస్ట్ వచ్చినా లెక్కలోకి రాదు. ఆ ఒక్క పూట తలనొప్పి వస్తే ఏం చేస్తాం?

రెండోది మామూలు దరఖాస్తు, మిగతా స్కూళ్లను ఇష్టం ఉన్న వరుసలో రాసివ్వడం. ఇక్కడే అసలు టెన్షన్. ప్రతి పిల్లకూ 32 అక్షరాల, అంకెల లాటరీ నంబర్ ఇస్తారు. సీట్ల కోసం సున్నాతో మొదలయ్యే నంబర్లు ముందు, 'ఎఫ్'తో మొదలయ్యేవి చివర. అందుకే ముందు సున్నా ఉంటే పండగే, 'ఎఫ్' ఉంటే నిట్టూర్పే. రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని మొదటి రెండు అక్షరాలే పదేపదే చూసుకునే తల్లిదండ్రులు ఎందరో. మిగతా 30 ఎవరూ చదవరు! అన్ని స్కూళ్లకూ అదే నంబర్. మార్కులు చూసే స్కూళ్లూ ఉన్నాయి, అక్కడ కూడా ఒకే కోవలో పడ్డవాళ్ల మధ్య తేల్చేది ఇదే.

నంబర్ బాగాలేదని మనసుకు నచ్చిన స్కూలును కిందికి నెట్టేవాళ్లున్నారు. అది తప్పు. 2012లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆల్విన్ రాత్ బృందం ఈ సీట్ల కేటాయింపు పద్ధతిని మలిచింది. ఇష్టం ఉన్న వరుసలోనే రాస్తే నష్టం లేదు.

సీటు వచ్చాక, దానికన్నా పైన రాసుకున్న స్కూళ్ల వెయిట్‌లిస్టుల్లో పేరు దానంతటదే చేరుతుంది. స్థానం ముందుకే కాదు, వెనక్కీ జరగొచ్చు. అందుకే వచ్చిన సీటు ఒప్పుకునే ఎదురుచూడమంటాను. నాకైతే పరీక్ష కన్నా లాటరీయే నయం. ఓడినా పిల్ల తనను తాను తిట్టుకోదు.