ఫాక్స్‌గ్లోవా, ఏంజలోనియానా, నువ్వుల మొక్కా: మన పెరటికి ఏది మేలు?

చలికాలం దగ్గరపడితే చాలు, ఇదే ప్రశ్న. ఫోన్లో ఇంగ్లండు తోటల వీడియో చూస్తారు. మనిషెత్తు కంకి, కింది నుంచి పైదాకా వేలాడే ఊదారంగు గంటలు, లోపల చిరుతపులి మచ్చలు. ఆన్‌లైన్‌లో వెతికితే విత్తనాల ప్యాకెట్ కూడా దొరుకుతుంది. ఇంకేం, "ఫాక్స్‌గ్లోవ్ మన విజయనగరంలో వస్తుందాండీ?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. పోటీలో నేను పెట్టేవి మూడు: ఫాక్స్‌గ్లోవ్, ఏంజలోనియా అనే పూలమొక్క, నూనె తీసే నువ్వుల మొక్క. నువ్వుల మొక్కా అని నవ్వకండి, దాని దగ్గరికీ వస్తాను.

ముందు విషం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ భయపడేది దానికే. ఫాక్స్‌గ్లోవ్ ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. గుండె లయ తప్పిస్తుంది. ఆ గుణాన్నే మందుగా ఎలా వాడాలో విలియం విథరింగ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1785లో ఒక పుస్తకమే రాశాడు. గుండెజబ్బుకిచ్చే ఈనాటి డిగాక్సిన్ మాత్రకు మూలం కూడా ఈ జాతిలోదే, డిజిటాలిస్ లనాటా అనే మొక్క. అంతా నిజమే. కానీ మన గేటు పక్కనున్న గన్నేరు ఏం తక్కువ తిన్నది? పచ్చగన్నేరు గింజలోనూ, ఎర్రగన్నేరు ఆకులోనూ ఉన్నది ఇదే కోవ విషం. దేవుడికి పూలు కోసుకుంటూ తరాల తరబడి దానితో కాపురం చేస్తున్నాం. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలు దూరే పెరట్లో రెండూ వద్దు. మిగతావాళ్లు విషాన్ని చూసి వెనకాడక్కర్లేదు.

నా లెక్కలో తేల్చేది చలి ఒక్కటే. ఎంత చలి అన్నదే కాదు, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది కూడా. మామూలు ఫాక్స్‌గ్లోవ్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు నేలకంటుకుని ఆకుల గుత్తి వేస్తుంది. చలికాలమంతా అలా వణికాకే మరుసటి ఏడు కంకి తీస్తుంది. పది డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగలకపోతే ఆకులతోనే కూర్చుంటుంది. మనకేమో జనవరి రాత్రి కూడా మామూలుగా 15 డిగ్రీలకు పైనే. ఊటీలోనో డార్జిలింగ్‌లోనో అది రోడ్డు పక్కన పూసిందంటే పూయదా మరి!

చలి అక్కర్లేకుండా మొదటి ఏడే పూసే రకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 'ఫాక్సీ' అనే రకానికి 1967లోనే, అమెరికాలో కొత్త తోట రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ బహుమతి వచ్చింది. అయితే విత్తిన దగ్గర నుంచి పూతకు దానికి దాదాపు అయిదు నెలలు కావాలి. ఇక్కడే మన పంచాంగం అడ్డం తిరుగుతుంది. దసరా తర్వాత వచ్చే పైడితల్లి సిరిమానోత్సవం వెళ్లాక కాని గాలి మారదు. అరసవల్లిలో రథసప్తమి అయిందంటే ఎండ మొదలైనట్టే. ఈ మధ్యలో ఉన్నది గట్టిగా మూడున్నర నెలలు.

రథసప్తమికి పూయాలంటే వినాయక చవితి రోజుల్లో విత్తాలి. ఇసుకకన్నా సన్నని గింజలు, పైగా వెలుతురు తగిలితేనే మొలుస్తాయి కాబట్టి మట్టి కప్పకుండా పైపైనే చల్లాలి. భాద్రపదం ఉక్కలో ఆ మొలకలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతాయి. టమాటా నారు పోసినవాళ్లకు నారుకుళ్లు తెలుసు కదా, అదే. వాటిని దాటించినా అక్టోబరు ఉంది. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. అంత తుపాను రాకపోయినా నాలుగు రోజుల ముసురుకు ఆకుల గుత్తి నడిమధ్యన నీరు నిలిస్తే మొక్క కుళ్లుతుంది. పోనీ తుపాన్లు పోయాక నవంబరు మధ్యలో విత్తితే? పూత ఏప్రిల్‌కి పడుతుంది. విజయనగరం ఏప్రిల్ గురించి నేను చెప్పాలా?

అరకులోనో చింతపల్లిలోనో చుట్టాలకు జాగా ఉంటే నిక్షేపంగా వేయించండి. కింద మైదానంలో మాత్రం ఇది డబ్బు పెట్టి బెంగ కొనుక్కోవడం.

ఏంజలోనియా సంగతికొస్తే, ఇది ఫాక్స్‌గ్లోవ్ కుటుంబంలోదే. కాకపోతే వేడి దేశాల్లో పుట్టింది కాబట్టి మన ఎండకు బెదరదు. కడియం నుంచి మొక్కల బళ్లు వచ్చినప్పుడు అడగండి, ఊదా, తెలుపు, గులాబీ మూడూ ఉంటాయి. మోకాలెత్తు వస్తుంది. ఆకు ముట్టుకుంటే కాస్త జిగురు, చిన్న వాసన. పూత తగ్గగానే మూడో వంతు కత్తిరించి గుప్పెడు గెత్తం వేస్తే మళ్లీ చిగురిస్తుంది. కత్తిరించిన కొమ్మలు గుచ్చితే కొత్త మొక్కలు. కుండీ అడుగున నీరు నిలవకుండా చూసుకుంటే చాలు, ఇంకో సేవ అడగదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పూలు కావాలనుకునేవాళ్లకు ఇదే జవాబు, ఇక కింది పేరాలు చదవకపోయినా నష్టం లేదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే: పువ్వు చిన్న నోరు తెరిచినట్టుంటుంది గాని గంటలా వేలాడదు. అడిగింది గంట కదా!

గంట కావాలంటే నువ్వు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మే నెల జల్లులకు మెట్టచేలల్లో చల్లే పంటే. బస్సులోంచి చూస్తే ఏమీ కనిపించదు, అందుకే ఎవరూ దాన్ని పూలమొక్కగా లెక్కపెట్టరు. చేలోకి దిగి ఉదయం ఏడింటికి ఒక్క పువ్వును దగ్గర పెట్టుకుని చూడండి. లేతగులాబీ కలిసిన తెలుపు, పైన సన్నని నూగు, కింది పెదవి కాస్త ముందుకు, తల వంచిన గంట. అచ్చం ఫాక్స్‌గ్లోవ్ వాటం. నువ్వుపువ్వులాంటి ముక్కు అని మన కవులు ఊరికే అనలేదు. కాడ మొదట్లో పసుపుపచ్చని పూసలాంటి గ్రంథులుంటాయి, వాటి తేనె కోసం చీమలు ఎక్కుతూనే ఉంటాయి. గంటలోకి నల్లతుమ్మెద దూరితే దాని వెనక భాగం మాత్రమే బయట కనిపిస్తుంది, పువ్వంతా ఊగుతుంది. తెల్లవారి విచ్చిన పువ్వు సాయంత్రానికి రాలిపోతుంది. మర్నాడు పై కణుపులో ఇంకోటి.

ఇంటికైతే సంక్రాంతి దాటాక వేయండి. వంటింట్లో వేయించని, పొట్టు తీయని నువ్వులు చాలు, మొలుస్తాయి. చేలో విత్తనమే కావాలంటే ఎలమంచిలి పరిశోధన స్థానం ఇచ్చిన శారద రకం అడగండి. పొడి ఇసుకలో కలిపి పెద్ద కుండీలో పల్చగా చల్లి, మొలిచాక మూడు మొక్కలు ఉంచి మిగతావి పీకేయాలి. నారు పోసి నాటితే ఒప్పుకోదు. నెల దాటగానే పూత మొదలవుతుంది, ఎనభై రోజులకు కాయ ముదిరి కథ అయిపోతుంది. అదే దీని లోటు: పట్టుమని నెల రోజుల పూత. ఇంకొకటి, ఒక్కోసారి పువ్వుల చోట ఆకుపచ్చ చిట్టిఆకుల గుత్తులు వస్తాయి. అది వెర్రి తెగులు, ఆకు రసం పీల్చే పైరుదోమ (దీపపు పురుగు) అంటిస్తుంది. మందులు వెతక్కుండా ఆ మొక్కను పీకి పారేయండి.

"ఏటమ్మా, పూలకుండీలో నువ్వులేసినావేటి? గానుగెట్టిస్తావా?" అని పక్కింటి మామ్మగారు అడిగారు. పూత వచ్చాక ఆవిడే రోజూ గోడ మీంచి చూస్తున్నారు. నా ఓటు దీనికే అని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఈ మూడూ కాక ఇంకేమున్నాయి అంటారా, స్నాప్‌డ్రాగన్ అక్టోబరులో విత్తితే జనవరికి పూస్తుంది, మార్చికి పోతుంది. పిల్లలు నొక్కి నోరు తెరిపించి ఆడుకుంటారు. లార్క్‌స్పర్ కూడా శీతాకాలానికి పనికొస్తుంది. హాలీహాక్ కావాలనేవాళ్లు గోగు ఒకటి వదిలేసి చూడండి, దాని చుట్టమే, పువ్వూ బాగుంటుంది.

తోడు మొక్కల విషయం. పొడుగు కంకుల వెనక పచ్చగా ఏదైనా ఉంటేనే లేతరంగు తేలుతుంది. నేనైతే వెనక వరసకి డిసెంబరాలు పెడతాను. సంక్రాంతి దాకా అవే పూస్తాయి, ఆ తర్వాత ఆకు పచ్చగా నిలుస్తుంది, దాని ముందు నువ్వు లేస్తుంది. ముందు వరసలో తెల్ల ఏంజలోనియా. బంతి పక్కన మాత్రం వద్దు, ఆ నారింజ రంగు ముందు నువ్వుపువ్వు వెలవెలబోతుంది.

ఇంత చెప్పినా ఫాక్స్‌గ్లోవే కావాలని మనసు లాగితే ఫాక్సీ రకమే కొనండి. ఇంట్లో చల్లగా, వెలుతురుగా ఉండే కిటికీ దగ్గర సెప్టెంబరులో ట్రేలో చల్లి, ముసుర్లు అయ్యేదాకా బయట పెట్టకండి. ఉదయపు ఎండ మాత్రమే పడే తూర్పు అరుగు మీద పెంచండి. ఫిబ్రవరి నెలాఖరుకి నడిమి నుంచి కంకి లేవకపోతే ఇక లేవదు. ఆ మొక్క తీసేసి అదే కుండీలో నువ్వులు చల్లుకోండి.